మూడో కొటేషన్

సమార్ ద్వీపం తూర్పు అంచున
కప్పు సగమే మిగిలిన మునిసిపల్ ఆఫీసులో
నా ముందొక ఫైలు.
ఉప్పునీటికి ఉబ్బి, ఎండకి ఎండి
అప్పడంలా పెళుసెక్కింది.
పేజీ తిప్పితే అంచు రాలుతోంది.

నేనొచ్చింది పద్నాలుగు నెలలకి.
దొంగలు పడ్డ ఆర్నెల్లకి మొరిగిన కుక్క కంటే
ఎనిమిది నెలలు ఆలస్యంగా.

టార్పాలిన్లు, నీలం రంగువి, వెయ్యిన్నీ రెండువందల నలభై.
అమ్మినవారు: తెయోదొరో లిమ్చువా, ఇనుప సామాన్ల కొట్టు.
కొటేషన్లు మూడుండాలి.
ఉన్నది ఒకటి.
రెండో గడిలో బాల్‌పెన్నుతో:
‘అబ్రెంజా సోదరులు. కొట్టు లేదు.’
మూడో గడిలో:
‘కబానస్ ట్రేడింగ్. కొట్టు లేదు. కబానస్ కూడా.’

“ఇలా రాయకూడదమ్మా” అన్నాను.
కొనుగోళ్ల గుమాస్తా పురిఫికాసియోన్
కళ్లద్దాలు తీసి చీర్నామాల రిజిస్టరు మీద పెట్టింది.
“ఎలా రాయాలో పుస్తకంలో చూద్దామనుకున్నా సార్.
పుస్తకం మూడోనాడు దొరికింది, కొబ్బరిమట్టల కింద.
ఆరబెట్టి చదివేసరికి
టార్పాలిన్లు పంచేశాం.”

అత్యవసరమైతే ఒక్కరి దగ్గరే కొనొచ్చు,
ఆ వెసులుబాటుంది.
విపత్తు ప్రకటన జత చెయ్యాలి.
ప్రకటన మీద మేయరు సంతకం మూడోనాటిది.
లారీలోంచి సరుకు దించింది మొదటి రాత్రి.
కాగితం ప్రకారం
ఆ రెండు రాత్రులూ ఈ ఊళ్లో
వాన పడలేదు.

నిబంధన మీద నాకు కోపం లేదు.
దాని పుట్టుక నాకు తెలుసు.
నా చిన్నప్పటి తుఫానులో, పక్క ద్వీపంలో,
ఒక పెద్దమనిషి బావమరిది
బస్తాకి మూడు బస్తాల ధర పెట్టి బియ్యమమ్మాడు.
పురుగులు ఉచితం.
ఆ గంజి నేను తాగాను,
అమ్మ కళ్లు మూసుకుని తాగమంటే.
ప్రతి క్లాజు వెనకా ఒక దొంగ ఉంటాడు.
ఆ దొంగ ఎప్పుడో పోయాడు,
తాళం మాత్రం
పురిఫికాసియోన్ తలుపుకి వేలాడుతోంది.

అయినా లెక్క లెక్కే కదా.
పంపిణీ జాబితాలో సంతకాలూ వేలిముద్రలూ కలిపి
వెయ్యిన్నీ రెండువందల నాలుగు.
రెండుసార్లు కూడాను.
“ముప్పైయారు తక్కువ” అన్నాను.

ఆమె వెంటనే జవాబివ్వలేదు.
బయట ఎవరో మోటారు సైకిలు స్టార్టు చేస్తున్నారు,
కావట్లేదు.
“అవి కప్పుకోడానికివ్వలేదు సార్. మేమే కప్పాం.
వేలిముద్రలు తీసుకుందామని ఎవరో అన్నారు,
ఆడిట్ వస్తుందని.
నేనే వద్దన్నాను.”

సాయంత్రం లిమ్చువా కొట్టుకెళ్లాను.
బిల్లు ఇంకా చెల్లలేదు, నా సంతకం కోసం ఆగింది.
ముసలాయన మేకులు తూస్తూ
కుర్చీ చూపించాడు,
కాఫీ తెప్పించాడు, నేను తాగకూడదని తెలిసీ.
“నన్ను పీడించేది డబ్బు కాదు” అన్నాడు.
అబద్ధం. మనవడి ఫీజు బాకీ ఉందని
ఆఫీసులో చెప్పారు.

“ఆ మూడో కొటేషన్ కావాలి, అంతేగా?
రాసుకోండి.
కబానస్ ఉండుంటే
నా కంటే రెండు పేసోలు తక్కువే చెప్పేవాడు.
ముప్పయ్యేళ్లు ఎదురుకొట్టులో కూచుని
అలాగే చంపాడు నన్ను.
ఏ సరుకైనా సరే,
రెండు పేసోలు.”
త్రాసు నిలకడగా నిలిచేదాకా చూసి
ఇంకొక మేకు వేశాడు.

ఎదురుగా ఖాళీ స్థలం.
సిమెంటు మెట్లు మూడు,
ఎక్కితే సముద్రం.

రాసుకున్నాను,
మేకుల పొట్లం కాగితం వెనక.
ఏ గడిలోనూ పట్టని అంకె,
రూలు ప్రకారం
తక్కువ ధర చెప్పినవాడికే ఇవ్వాలి.

గెస్ట్‌హౌస్ కప్పుకి ఇంకా ఆ నీలం టార్పాలినే.
దీపం వెలిగిస్తే
రిమార్కుల పేజీ నీలంగా ఉంది, నా చేతులూ.
పది గంటలకి వాన మొదలైంది.
ఒక్కచోట కారుతోంది.
ఫైలు కొంచెం ఇవతలికి జరుపుకుని
తేదీ వేశాను.